ఒక్క ఆక్సిజన్ పరమాణువు చాలు: కాలుష్యపు రేణువులు మన ప్రొటీన్లను ఎలా దెబ్బతీస్తాయి

చలికాలం వచ్చిందంటే ఢిల్లీ గాలి పేపర్లకెక్కుతుంది. గాలి నాణ్యత సూచీ ఏక్యూఐ 300 దాటిందని, 400 దాటిందని, బడులకు సెలవులిచ్చారని చదువుతుంటాం. ఈమధ్య ఆ వార్తల పక్కనే ఇంకో రకం వార్తలూ వస్తున్నాయి. కాలుష్యం వల్ల గుండెపోటు, కాలుష్యం వల్ల షుగర్, కాలుష్యం వల్ల మతిమరుపు. చాలామందికి అనుమానం వచ్చేది ఇక్కడే. పొగ పీలిస్తే దగ్గో ఆయాసమో రావాలి గానీ, గుండెకీ మెదడుకీ దానితో పనేమిటి? ఉన్న రోగాలన్నీ గాలి మీదికే తోసేస్తున్నారా?

అడగాల్సిన ప్రశ్నే. దానికి దొరికిన జవాబుల్లో గట్టిది ఒకటి మన ప్రొటీన్ల దగ్గరుంది. ప్రొటీన్ పాడవాలంటే అది ముక్కలైపోనక్కర్లేదు. వందల అమైనో ఆమ్లాల గొలుసులో కీలకమైన ఒక్కచోట ఒక్క ఆక్సిజన్ పరమాణువు వచ్చి అతుక్కుంటే చాలు, అది పని మానేయొచ్చు. ఊపిరితిత్తిలో ఉన్నా, రక్తనాళంలో ఉన్నా, మెదడులో ఉన్నా ప్రొటీన్లు తయారైంది అవే ఇరవై రకాల అమైనో ఆమ్లాలతోనే. అందుకే ఒకే రసాయన చర్య వేర్వేరు అవయవాల్లో వేర్వేరు జబ్బులుగా బయటపడే వీలుంది.

తికమక లేకుండా ఉండడానికి, గాల్లో తేలేదాన్ని రేణువు అని, శరీరంలో ఉండేదాన్ని జీవకణం అని రాస్తాను.

## పీఎం2.5 అనేది సైజు పేరు

పీఎం2.5 అంటే రెండున్నర మైక్రాన్లు, అంతకంటే తక్కువ వ్యాసం ఉన్న రేణువులన్నీ. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. తలవెంట్రుక మందం 50 నుంచి 70 మైక్రాన్లు ఉంటుంది. ఆ పేరు రేణువు ఎంత ఉందో చెబుతుంది, దేనితో తయారైందో చెప్పదు. డీజిల్ మసి, కట్టెల పొగ, పొలాల్లో తగలబెట్టిన గడ్డి పొగ, బొగ్గు ప్లాంట్ల గొట్టాల్లోంచి వచ్చే వాయువుల నుంచి పుట్టిన సల్ఫేట్లు, మట్టి దుమ్ము, సముద్రపు ఉప్పు, బ్రేకులు అరిగి రాలే లోహపు పొడి, అన్నీ ఆ ఒక్క పేరు కిందికే వస్తాయి.

మన దేశంలో 24 గంటల సగటుకు పెట్టుకున్న పరిమితి ఘనపు మీటరు గాలికి 60 మైక్రోగ్రాములు. ఏడాది సగటుకు 40. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన అంకెలు ఇంకా చాలా తక్కువ, రోజుకు 15, ఏడాదికి 5.

ఇప్పుడు చిన్న లెక్క వేద్దాం. పెద్దమనిషి రోజుకు సుమారు 11 వేల లీటర్ల గాలి పీలుస్తాడు, అంటే 11 ఘనపు మీటర్లు. గాలిలో 60 మైక్రోగ్రాములుంటే రోజుకు లోపలికి వెళ్లేది 660 మైక్రోగ్రాములు. మిల్లీగ్రాములో మూడింట రెండు వంతులు. అందులో కొంత ఊపిరితోనే తిరిగి బయటికి వచ్చేస్తుంది. ఇంత కొంచెం మట్టి ఏం చేస్తుందిలే అనిపిస్తుంది.

కానీ బరువు ఇక్కడ కథ మొత్తం చెప్పదు. నీటికి ఒకటిన్నర రెట్ల సాంద్రత ఉన్న గుండ్రటి రేణువులు అనుకుందాం. ఒక మైక్రోగ్రాము పదార్థం మొత్తం 2.5 మైక్రాన్ల రేణువులుగా ఉంటే వాటి సంఖ్య సుమారు 80 వేలు. అదే మైక్రోగ్రాము 0.1 మైక్రాన్ రేణువులుగా ఉంటే సుమారు 125 కోట్లు. బరువు అంతే, కానీ జీవకణాలకు తగిలే ఉపరితలం మొత్తం 25 రెట్లు పెరిగింది. రసాయన చర్యలు జరిగేది ఉపరితలం మీద. పైగా ఈ సన్నటి రేణువులు ఊపిరితిత్తుల చివరన ఉండే గాలి తిత్తుల దాకా వెళ్లగలవు. అక్కడ గాలికీ రక్తానికీ మధ్య ఉండే గోడ చాలాచోట్ల ఒక మైక్రాన్ మందం కూడా ఉండదు.

## రేణువు లోపలికి వెళ్లాక జరిగేది

ప్రొటీన్ అంటే అమైనో ఆమ్లాల గొలుసు. ఆ గొలుసు తనదైన ఒక పద్ధతిలో మడతపడితేనే దానికి పని చేసే శక్తి వస్తుంది. ఈ ఇరవై రకాల్లో రెండింటిని గుర్తుపెట్టుకోవాలి. సిస్టీన్, మెథియోనిన్. రెండింటిలోనూ గంధకం ఉంటుంది. గంధకానికి ఆక్సిజన్‌తో తొందరగా కలిసే గుణం ఉంది. అందుకే దెబ్బ ముందుగా తగిలేవాటిలో ఇవి ఉంటాయి.

దెబ్బ కొట్టేవి చురుకైన ఆక్సిజన్ రూపాలు. సూపరాక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్, హైడ్రాక్సిల్ రాడికల్ అని వీటికి పేర్లు. మన జీవకణాల్లో మామూలుగానే ఇవి కొద్దికొద్దిగా పుడుతుంటాయి, వాటిని అదుపులో పెట్టే ఏర్పాటూ ఉంటుంది. గ్లూటాథయోన్ అనే చిన్న అణువు అందులో ముఖ్యమైనది. రేణువులు వచ్చాక పుట్టేవాటి సంఖ్య పెరిగి అదుపు చేసేవి చాలకపోతే, దాన్నే ఆక్సిడేటివ్ స్ట్రెస్ అంటారు.

రేణువులు ఈ పనిని మూడు దారుల్లో చేస్తాయి. మొదటిది లోహాలు. 1894లో హెన్రీ ఫెంటన్ అనే బ్రిటిష్ రసాయనవేత్త టార్టారిక్ ఆమ్లానికి హైడ్రోజన్ పెరాక్సైడ్, కొద్దిగా ఇనుము కలిపి చూశాడు. ఆ ఆమ్లం ఆక్సీకరణం చెందింది. రేణువు మీద ఇనుమో రాగో ఉంటే ఊపిరితిత్తి లోపలి తడిలోనూ ఆ చర్యే నడుస్తుంది. మామూలు పెరాక్సైడ్ కాస్తా హైడ్రాక్సిల్ రాడికల్ అవుతుంది. అది పుట్టిన చోటు దాటి దూరం పోదు, పక్కన ఏది దొరికితే దాన్ని పట్టేసుకుంటుంది. ఇనుము మాత్రం ఖర్చైపోదు. మళ్లీ పాత స్థితికి వచ్చి ఇంకో పెరాక్సైడ్ అణువుతో అదే పని చేస్తుంది.

రెండోది క్వినోన్లు. డీజిల్ మసిలో, కట్టెల పొగలో ఉండే సేంద్రియ పదార్థాలివి. జీవకణంలోంచి ఎలక్ట్రాన్ తీసుకుని ఆక్సిజన్‌కు ఇస్తాయి, సూపరాక్సైడ్ పుడుతుంది, మళ్లీ ఇంకో ఎలక్ట్రాన్ కోసం వెళ్తాయి. ఇవీ తరిగిపోవు. రేణువు పరిమాణం చిన్నదైనా దాని పని పెద్దదవడానికి ఈ రెండు చక్రాలే కారణం.

మూడోది మన ఒంట్లోనే ఉంది. గాలి తిత్తుల్లో మాక్రోఫేజ్‌లనే రక్షక కణాలుంటాయి. రేణువును క్రిమి అనుకుని మింగుతాయి. క్రిమిని చంపడానికి వాడే ఆక్సిజన్ రూపాలనే దాని మీదా వదులుతాయి. మసి చావదు కదా. ఆ వదలడం ఆగదు, సాయానికి న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణాలు కూడా వచ్చి చేరతాయి.

## అన్ని దెబ్బలూ ఒకటి కావు

సిస్టీన్ గంధకానికి ఒక ఆక్సిజన్ చేరితే జీవకణం దాన్ని తీసేయగలదు. రెండు చేరితే చాలా ప్రొటీన్లలో వెనక్కి తేవడం కష్టం. మూడు చేరితే ఇక అంతే, ఆ ప్రొటీన్‌ను పారేయాల్సిందే. మెథియోనిన్‌కు ఆక్సిజన్ చేరితే సరిచేయడానికి ప్రత్యేకంగా ఒక ఎంజైమే ఉంది. లైసిన్, ఆర్జినిన్ లాంటి అమైనో ఆమ్లాల మీద కార్బొనైల్ గుంపులు (కార్బన్, ఆక్సిజన్ జంటలు) పుడితే మాత్రం బాగుచేసే దారి లేదు. టైరోసిన్ అనే అమైనో ఆమ్లానికి నైట్రో గుంపు (నైట్రోజన్, ఆక్సిజన్ కలిసిన ముక్క) అతుక్కోవడం ఇంకో రకం. నైట్రిక్ ఆక్సైడ్, సూపరాక్సైడ్ కలిసినప్పుడు పుట్టే పెరాక్సీనైట్రైట్ దానికి కారణం.

ఈ చివరి రకం దెబ్బ శరీరం బయట కూడా తగులుతుంది. జర్మనీలోని మైంజ్‌లో మాక్స్ ప్లాంక్ రసాయన శాస్త్ర సంస్థ పరిశోధకులు బర్చ్ చెట్టు పుప్పొడిలోని ఎలర్జీ ప్రొటీన్ మీద పనిచేశారు. ఓజోన్, నైట్రోజన్ డయాక్సైడ్ ఉన్న గాలి తగిలితే ఆ ప్రొటీన్‌కు నైట్రో గుంపులు అతుక్కుంటున్నాయని చూపించారు. అలా మారిన ప్రొటీన్ ఎలర్జీని ఇంకా రెచ్చగొడుతుందా అన్నది అక్కడి నుంచి పుట్టిన ప్రశ్న.

## ఒక ప్రొటీన్‌ను దగ్గరగా చూద్దాం

పేర్లు చెప్పుకుంటూ పోతే బోధపడదు. ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ అనే ఒక్క ప్రొటీన్‌ను తీసుకుందాం.

ఊపిరితిత్తుల్లో ఎలాస్టిన్ అనే సాగే పదార్థం ఉంటుంది. ఊపిరి తీసుకున్నప్పుడు విచ్చుకున్న తిత్తి మళ్లీ ముడుచుకునేది దాని బలంతోనే. న్యూట్రోఫిల్ కణాల దగ్గర ఎలాస్టేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. క్రిముల మీద వాడాల్సిన ఆ ఎంజైమ్ చుట్టుపక్కల ఎలాస్టిన్‌ను కూడా కోసేయగలదు. దాన్ని ఆపడానికి కాలేయం ఆల్ఫా-1 యాంటీట్రిప్సిన్ తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. అక్కడి నుంచి అది ఊపిరితిత్తులకు చేరుతుంది.

దాని పనితీరు అచ్చం ఎలుకల బోను లాంటిది. 394 అమైనో ఆమ్లాల ఆ ప్రొటీన్ పైభాగాన ఒక మెలిక బయటికి పొడుచుకుని ఉంటుంది. అది ఎర. ఎలాస్టేజ్ ఆ మెలికను కొరకగానే ప్రొటీన్ ఒక్క ఉదుటున ఆకారం మార్చుకుంటుంది. తెగిన మెలిక ఎలాస్టేజ్‌ను అంటిపెట్టుకునే అవతలి కొసకు వెళ్లిపోతుంది. ఎలాస్టేజ్ అక్కడ నలిగి పనికిరాకుండా పోతుంది. ఇద్దరి పనీ అక్కడితో సరి.

ఎలాస్టేజ్ కొరికేది ఆ మెలికలో 358వ స్థానం దగ్గర. అక్కడ ఉన్నది మెథియోనిన్. దాని గంధకానికి ఒక ఆక్సిజన్ పరమాణువు చేరిందనుకోండి. మెథియోనిన్ ఆకారం, విద్యుత్ స్వభావం మారిపోతాయి, ఎలాస్టేజ్ నోట్లో అది సరిగా పట్టదు. మిగతా 393 అమైనో ఆమ్లాలూ భేషుగ్గా ఉన్నా ఎలాస్టేజ్‌ను ఆపే వేగం బాగా పడిపోతుంది. రక్తపరీక్షలో ఆ ప్రొటీన్ మోతాదు చూస్తే మామూలుగానే కనిపిస్తుంది. ఉంది, కానీ పనిచేయడం లేదు.

ఈ ప్రొటీన్ ఎంత ముఖ్యమో 1963లో స్వీడన్‌లో తెలిసింది. కార్ల్-బెర్టిల్ లారెల్, స్టెన్ ఎరిక్సన్ అనే ఇద్దరు రక్తపు నమూనాల్లోని ప్రొటీన్లను గీతలుగా విడదీసి పరీక్షిస్తుంటే ఐదుగురిలో ఈ ప్రొటీన్ గీత కనిపించలేదు. ఆ ఐదుగురిలో ముగ్గురికి ఎంఫిసీమా ఉంది, అంటే గాలి తిత్తుల గోడలు చెడిపోయే జబ్బు. వాళ్లది పుట్టుకతో వచ్చిన లోపం. మరి జన్యువులో ఏ లోపమూ లేని పొగతాగేవాళ్లకు అదే జబ్బు ఎందుకొస్తోంది? 1970ల చివర్లో ఈ మెథియోనిన్ సంగతి బయటపడింది. పుట్టుకతో లేకపోవడం, ఉన్నా ఆక్సీకరణంతో పనిచేయకపోవడం, రెండూ ఒకే జబ్బుకు దారితీయగలవని తేలింది.

ఇక్కడ జాగ్రత్తగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఈ పరిశోధన జరిగింది సిగరెట్ పొగ మీద. వీధి గాలి డోసు దానికంటే చాలా తక్కువ. పొగతాగేవాళ్ల ఊపిరితిత్తుల ద్రవంలోనే ఈ ప్రొటీన్ ఎంత మేరకు పాడైందన్న దానిపై ప్రయోగశాలలన్నీ ఒకే మాట చెప్పలేదు. అయితే సిగరెట్ ముట్టని వాళ్లలో, కట్టెల పొయ్యి ముందు ఏళ్ల తరబడి వండిన ఆడవాళ్లలో సీఓపీడీ, అంటే ఊపిరి ఆడడం కష్టమయ్యే దీర్ఘకాలపు ఊపిరితిత్తుల జబ్బు, ఎక్కువగా ఉండడం చాలా దేశాల్లో చూశారు. పొయ్యి పొగలోనూ రేణువులున్నాయి, క్వినోన్లున్నాయి, న్యూట్రోఫిల్ కణాలను అదీ రప్పిస్తుంది.

## ఆక్సీకరణ ప్రతిసారీ హాని కాదు

ఇంతవరకు చదివితే గంధకానికి ఆక్సిజన్ తగలడమే తప్పు అనిపిస్తుంది. అలాగైతే కథ తేలికగా ఉండేది. కీప్1 అనే ప్రొటీన్‌ను చూడండి. దాని నిండా సిస్టీన్లే. మామూలు రోజుల్లో అది ఎన్ఆర్ఎఫ్2 అనే ఇంకో ప్రొటీన్‌ను పట్టుకుని, నాశనానికి పంపిస్తూ ఉంటుంది. డీజిల్ పొగలోని చురుకైన పదార్థం వచ్చి కీప్1 సిస్టీన్లకు తగిలితే ఆ పట్టు వదులవుతుంది. ఎన్ఆర్ఎఫ్2 కేంద్రకంలోకి వెళ్లి గ్లూటాథయోన్ తయారీకి, విషాలను వదిలించుకోవడానికి కావాల్సిన జన్యువులను మేల్కొలుపుతుంది. కీప్1 సిస్టీన్లు ఆ స్థానాల్లో ఉన్నది దెబ్బ తగలడానికే. ఆ దెబ్బతోనే జీవకణానికి ప్రమాదం తెలుస్తుంది.

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, లాస్ ఏంజిలెస్‌లో ఆండ్రే నెల్ బృందం దీన్ని మూడు మెట్లుగా చెప్పింది. కొద్దిపాటి ఒత్తిడికి రక్షణ జన్యువులు మేల్కొంటాయి. ఇంకా పెరిగితే వాపు సంకేతాలు మొదలవుతాయి. అదీ దాటితే జీవకణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియా దెబ్బతిని జీవకణం చనిపోతుంది. ఒకే రేణువు ఒకరికి మొదటి మెట్టు దగ్గర ఆగిపోయి ఇంకొకరిని రెండో మెట్టుకు తీసుకెళ్లడానికి వయసు, ఉన్న జబ్బులు, గ్లూటాథయోన్‌కు సంబంధించిన జన్యువుల్లో తేడాలు కారణమవుతాయి.

## మెదడు దాకా ఎలా వెళ్లింది

పాడైన ప్రొటీన్‌ను జీవకణం ఊరికే వదిలేయదు. మడత చెదిరిన వాటిని సరిచేసే చాపరోన్లున్నాయి, బాగుపడనివాటిని ముక్కలు చేసే ప్రోటియసోమ్ ఉంది. పాడయ్యేవి మరీ ఎక్కువైతే కొత్త ప్రొటీన్ల తయారీనే తగ్గించే ఏర్పాటు కూడా ఉంది. చర్మం, పేగు లాంటి చోట్ల పాత జీవకణాలు పోయి కొత్తవి వస్తాయి కాబట్టి చెత్త వాటితోనే పోతుంది. మెదడులోని నాడీకణాలు చాలావరకు జీవితాంతం అవే. అక్కడ పేరుకున్నది పేరుకున్నట్టే ఉండిపోయే ప్రమాదముంది.

2025లో జాన్స్ హాప్కిన్స్ పరిశోధకులు ‘సైన్స్’ పత్రికలో ఒక అధ్యయనం వేశారు. అమెరికాలో ప్రధానంగా వృద్ధులకిచ్చే ప్రభుత్వ ఆరోగ్య బీమా మెడికేర్ కింద ఉన్న 5.6 కోట్ల మందికి పైగా రోగుల ఆసుపత్రి రికార్డులు చూశారు. పీఎం2.5 ఎక్కువున్న చోట్ల లెవీ బాడీ రకం మతిమరుపుతో చేరినవాళ్లు ఎక్కువగా కనిపించారు. ఈ జబ్బులో ఆల్ఫా-సిన్యూక్లిన్ అనే ప్రొటీన్ మడత తప్పి ముద్దలు కడుతుంది. తర్వాత ఎలుకల ముక్కుల్లో పీఎం2.5 వేసి పది నెలలు చూశారు. మామూలు ఎలుకల్లో మెదడు కుంచించుకుపోయింది, జ్ఞాపకశక్తి తగ్గింది. ఆల్ఫా-సిన్యూక్లిన్ అసలే లేని ఎలుకల్లో ఆ మార్పులు పెద్దగా కనిపించలేదు. నా దృష్టిలో ఈ రెండో భాగమే అసలైన సాక్ష్యం. రికార్డుల లెక్కలో పేదరికం, ట్రాఫిక్ మోత లాంటివి కలిసిపోయి ఉండొచ్చు. ఒక్క ప్రొటీన్‌ను తీసేస్తే హాని తగ్గిందంటే, దారి ఆ ప్రొటీన్ మీదుగా పోతోందన్నమాట.

అదే ఏడాది స్క్రిప్స్ రిసెర్చ్‌లో స్టువర్ట్ లిప్టన్ బృందం సీఆర్‌టీసీ1 అనే ప్రొటీన్ గురించి రాసింది. జ్ఞాపకాలు నిలవడానికి కావాల్సిన జన్యువులను నడిపించే ప్రొటీన్ అది. దాని సిస్టీన్‌కు నైట్రిక్ ఆక్సైడ్ అతుక్కుంటే ఆ పని ఆగిపోతోంది. అతుక్కునే చోటు లేకుండా మార్చిన ప్రొటీన్‌ను అల్జీమర్స్ ఎలుకల మెదడులో పెడితే, జ్ఞాపకాలకు ఆధారమైన నాడీకణాల మధ్య బంధాలు బలపడే గుణం మెరుగైంది. వాహనాల పొగ, కార్చిచ్చుల పొగ ఇలాంటి అతుకుళ్లను పెంచుతాయన్నది ఆ బృందం వాదన.

## ఎక్కడ ఏకాభిప్రాయం లేదు

ప్రయోగాల డోసు మీద మొదటి అభ్యంతరం. గాజు పాత్రలో జీవకణాల మీద రేణువులు పోసేటప్పుడు నిజ జీవితంలో తగిలే దానికంటే చాలా ఎక్కువ పోస్తారు, అంత పోస్తే ఏ ప్రొటీన్ అయినా పాడవుతుంది అంటారు విమర్శకులు. ముక్కులో చుక్కలుగా వేయడానికీ గాలి పీల్చడానికీ తేడా ఉందన్నదీ నిజమే. దానికి అవతలి వైపు జవాబు, మనుషుల మీద నేరుగా జరిగిన అధ్యయనాలు. హార్వర్డ్ వాళ్లు ఆరు అమెరికా నగరాల్లో 8,111 మందిని ఏళ్ల తరబడి గమనించి 1993లో ఫలితాలు ప్రకటించారు. గాలి బాగా చెడిన నగరంలో మరణాల రేటు, శుభ్రమైన నగరం కంటే 26 శాతం ఎక్కువ. సిగరెట్ అలవాటు లాంటివి లెక్కలోకి తీసుకున్నాకే ఆ అంకె.

మన దగ్గరా అలాంటి పని జరిగింది. హైదరాబాద్ శివార్లలో 28 గ్రామాల ప్రజల మీద అధ్యయనం చేశారు. అక్కడ పీఎం2.5 ఏడాది సగటు సుమారు 33 మైక్రోగ్రాములు. మన దేశ పరిమితి లోపలే. అయినా రేణువులు ఎక్కువున్న చోట, ముఖ్యంగా మగవాళ్లలో, గుండె జబ్బుకు ముందస్తు గుర్తుగా చూసే మెడ ధమని గోడ మందం ఎక్కువగా కనిపించింది. ఎముకల సాంద్రత తక్కువగా ఉంది. ఇది ప్రొటీన్లను కొలిచిన అధ్యయనం కాదు. జబ్బుకూ రేణువుకూ సంబంధం చూపించింది, మధ్యలో జరిగేది ప్రయోగశాలలు చెప్పాలి. ఈ రెండు రకాల సాక్ష్యాలనూ ఒకే మనిషిలో ఈ చివర నుంచి ఆ చివర దాకా కలపడమే ఈ రంగంలో కష్టమైన పని.

మరి ఆక్సీకరణను అడ్డుకునే యాంటీఆక్సిడెంట్ మాత్రలు మింగితే సరిపోదా? ఫిన్లండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్లకు బీటా కెరోటిన్, విటమిన్-ఇ ఇచ్చి చూశారు. 1994లో ఫలితం వచ్చింది. బీటా కెరోటిన్ తీసుకున్నవాళ్లలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం పెరిగింది. చైనాలోని చిడాంగ్‌లో వేరే దారి పట్టారు. బ్రోకలీ మొలకల పానీయం 12 వారాలు తాగించారు. అందులోని సల్ఫొరాఫేన్ కీప్1 సిస్టీన్లకు తగిలి ఎన్ఆర్ఎఫ్2ను మేల్కొలుపుతుంది. తాగినవాళ్ల మూత్రంలో, పొగలో ఉండే విషపదార్థం బెంజీన్ తాలూకు వ్యర్థాలు ఎక్కువగా బయటికి పోయాయి. దానివల్ల జబ్బులు తగ్గాయని చెప్పే అధ్యయనం కాదది.

## బరువు కొలవాలా, పదును కొలవాలా

ప్రొటీన్ల వైపు నుంచి చూస్తే, రేణువు బరువు కంటే దాని ఆక్సీకరణ సామర్థ్యం ముఖ్యమనిపిస్తుంది. దాన్ని కొలిచే పరీక్ష ఒకటుంది. సిస్టీన్ లాగే గంధకం ఉన్న డీటీటీ అనే రసాయనంలో రేణువులు కలిపి, అది ఎంత వేగంగా తరిగిపోతుందో చూస్తారు. 2020లో ‘నేచర్’లో వచ్చిన యూరప్ అధ్యయనం ఒక తేడా చూపించింది. అక్కడ రేణువుల బరువులో పెద్ద వాటా మట్టి దుమ్ముదీ, సల్ఫేట్, నైట్రేట్ లాంటి లవణాలదీ. ఆక్సీకరణ సామర్థ్యంలో పెద్ద వాటా బ్రేకుల్లాంటి వాహన భాగాలు అరగడం వల్ల వచ్చే లోహాలదీ, ఇళ్లలో కట్టెలు కాల్చడం వల్ల పుట్టే సేంద్రియ పదార్థాలదీ.

బరువే చాలు అనేవాళ్ల వాదన తీసిపారేసేది కాదు. దశాబ్దాల ఆరోగ్య లెక్కలన్నీ బరువు మీదే ఉన్నాయి, అది ప్రతి ఊళ్లో ఒకే తీరున కొలవొచ్చు. ఆక్సీకరణ పరీక్షలు పద్ధతిని బట్టి వేర్వేరు ఫలితాలిస్తాయి, వాటికీ జబ్బులకూ ఉన్న సంబంధం అన్ని అధ్యయనాల్లో ఒకేలా రాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో పరిమితులు పెట్టింది బరువుకే. యూరోపియన్ యూనియన్ మాత్రం 2024లో తెచ్చిన కొత్త నిబంధనల్లో గాలిని కొలిచే కొన్ని పెద్ద కేంద్రాల్లో గమనించే అంశాల జాబితాలో ఆక్సీకరణ సామర్థ్యాన్ని కూడా చేర్చింది.

మన దేశంలో 2019లో మొదలైన జాతీయ స్వచ్ఛ వాయు కార్యక్రమం నగరాల పనితీరును ప్రధానంగా పీఎం10తో కొలుస్తోంది. అంటే 10 మైక్రాన్ల దాకా ఉన్న రేణువుల బరువుతో. సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ 2024లో చేసిన సమీక్ష ప్రకారం ఈ నిధుల్లో 64 శాతం రోడ్డు దుమ్ము తగ్గించడానికే ఖర్చయింది. వాహనాలకు, కట్టెలు, చెత్త కాల్చడాన్ని ఆపడానికి, పరిశ్రమలకు మిగిలింది తక్కువ. ఆ ఖర్చంతా వృథా అనలేం, రోడ్డు దుమ్ములో బ్రేకుల నుంచి రాలిన రాగి, ఇనుము కూడా ఉంటాయి. కానీ రోడ్డు ఊడ్చి నీళ్లు చల్లితే పీఎం10 అంకె తగ్గుతుంది, డీజిల్ మసిలోని క్వినోన్లు మాత్రం గాల్లోనే ఉంటాయి. హైదరాబాద్‌కో విశాఖకో ఏటా వచ్చే ఆ అంకె చూసి, ఈ రెండింటిలో ఏది తగ్గిందో చెప్పలేం.